తొడ ఎముక విరిగితే మూడు రోజులు కాపలా కాయండి

కొబ్బరిచెట్టు మీంచి పడ్డవాడు ప్రాణాలతో ఆసుపత్రికి చేరితే ఇంట్లోవాళ్ళు గండం గడిచిందనుకుంటారు. ఎముకల వార్డులో నర్సుగా నాకు అసలు భయం మర్నాటి నుంచే.

మొన్న వానల్లో రాజోలు వైపు నుంచి ఓ దింపు కుర్రాడు (చెట్టెక్కి కొబ్బరికాయలు దింపేవాడు) వచ్చాడు. మోకు జారి పడ్డాడు. తొడ ఎముక విరిగింది, తలకి దెబ్బ లేదు. ఆ రాత్రంతా బాగానే మాట్లాడాడు. మర్నాడు సాయంత్రం వాళ్ళావిడ వచ్చి, "సిస్టరుగారండీ, ఈయన నన్ను పట్టుకుని వాళ్ళమ్మనుకుంటన్నాడండి" అంది. పక్క మంచం పెద్దాయన "మందు ఆగింది కదా, అలాగే ఉంటాదిలే" అని తేల్చేశాడు. (తాగుడు ఆగినా రెండో మూడో రోజున ఇలాగే కలవరిస్తారు. వాడికొచ్చిన అసలు జబ్బు దాని చాటున దాక్కునేది అందుకే.) వేలికి క్లిప్పు పెడితే ఆక్సిజన్ 84కి పడిపోయింది. ఎగశ్వాస. చెయ్యెత్తి చంకలో చూశాను, గుండుసూది మొనంత ఎర్రటి చుక్కలు. కింది రెప్ప లాగితే అక్కడా ఉన్నాయి. వెంటనే డాక్టరుగారికి ఫోన్ చేశాను.

ఫ్యాట్ ఎంబాలిజం, అంటే కొవ్వు బొట్లు రక్తనాళాల్లో అడ్డుపడటం. మటన్ పులుసులో మూలుగ బొమిక చప్పరించినవాళ్ళకి ఎముకలో ఎంత కొవ్వుంటుందో చెప్పక్కర్లేదు. తొడ ఎముక విరిగితే ఆ కొవ్వు బొట్లు తెగిన సిరల్లోకి దూరి, గుండె మీదుగా ఊపిరితిత్తుల్లో చిక్కుకుంటాయి. కొన్ని మెదడు దాకా వెళ్తాయి. చాలామందికి ఏమీ కాదు, కొద్దిమందికే జబ్బుగా ముదురుతుంది, అదీ ఎక్కువగా 24 నుంచి 72 గంటల్లోపు. ఆయాసం, మతి తడబాటు, ఎర్రచుక్కలు, ఈ మూడూ 1974లో గర్డ్, విల్సన్ అనే డాక్టర్లు ఈ జబ్బుకి రాసిన ప్రధాన లక్షణాలే. చుక్కలు అందరికీ రావు. తల స్కానింగ్ మామూలుగా ఉన్నా ధీమా పనికిరాదు. ఇది రక్తపు గడ్డ కాదు కాబట్టి రక్తం పలచబడే మందుతో కరగదు. ఆక్సిజన్, అవసరమైతే వెంటిలేటర్ పెట్టి, ఒళ్ళు తనంతట తాను కోలుకునేదాకా కాపాడుకోవడమే.

నాకు ఒళ్ళు మండేది ఎక్కడంటే, విరిగిన కాలు వేలాడేసి ఆటోలో తెస్తారు చూడండి, అక్కడ. దారిలో నాటుకట్టు కోసం ఓ పూట ఆగడం ఒకటి! ఎముక కదిలినకొద్దీ కొవ్వు ఇంకా రక్తంలోకి పోతుంది. 108కి ఫోన్ చేసి, వాళ్ళొచ్చేలోగా పక్కన ఓ కొబ్బరి మట్ట పెట్టి రెండు కాళ్ళూ కలిపి తువ్వాళ్ళతో కట్టండి. ఒళ్ళు తట్టుకుంటుందనుకుంటే ఎముక బిగించే ఆపరేషన్ 24 గంటల్లోపే చేసేయడం మేలు.

కుర్రాడు ఐసీయూలోంచి బయటపడ్డాడు, తరవాత రాడ్ వేశారు. వాళ్ళావిడ ఇక చెట్టెక్కనివ్వనంటోంది. దింపుకి మనిషి దొరకట్లేదని రైతులు అప్పుడే ఫోన్లు చేస్తున్నారట.