ఆరోగ్యవరం ఒక ఊరి పేరు

"మీ ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా టీబీ వచ్చిందా?" అని డాక్టరు అడిగితే, "లేదండీ" అని నేనే టక్కున చెప్పేశాను. పక్కన కూర్చున్న అమ్మ చేతిసంచి జిప్పు మూస్తోంది, తెరుస్తోంది. కాసేపటికి నా వైపు చూడకుండానే, "మా అమ్మకు వచ్చిందండీ. పెళ్ళికి ముందు, 1956లో. పదకొండు నెలలు ఆరోగ్యవరంలో ఉంది" అంది.

అప్పటికి నాకు ముప్పై ఆరేళ్ళు. ఆరోగ్యవరం అంటే ఒక ఊరని ఆ రోజే తెలిసింది.

అమ్మమ్మ ప్రార్థన ఎప్పుడూ "ఆరోగ్యవరం దేవా" అనే మొదలయ్యేది. తెనాలి దగ్గర పల్లెలో లూథరన్ గుడికి నాలుగిళ్ళ అవతల ఆమె ఇల్లు. ఆమెకు చెవుడు. తన గొంతు తనకు సరిగా వినపడదు కాబట్టి, ఆమె ఏకాంత ప్రార్థన వీధి చివరి టీ కొట్టు దాకా వినపడేది. మా అప్పులు, మామయ్య తాగుడు, గేదె ఈనకపోవడం అన్నీ ఊరందరికీ ముందే తెలిసిపోయేవి. సైన్యములకధిపతి అన్నట్టే ఇదీ దేవుడికి ఒక బిరుదు కాబోలనుకున్నాను. ఆరోగ్యాన్ని వరంగా ఇచ్చేవాడు కదా మరి. సండే స్కూల్లో నేనూ అలాగే మొదలుపెడితే అయ్యగారు నవ్వారే గానీ దిద్దలేదు.

ఆ ఊరు మదనపల్లె దగ్గర ఉంది. దక్షిణాదిలోని వేర్వేరు క్రైస్తవ మిషన్లు కలిసి అక్కడ క్షయ రోగుల కోసం శానిటోరియం కట్టాయి. డెన్మార్క్ నుంచి వచ్చిన ఒక డాక్టరు ఏళ్ళ తరబడి దాన్ని నడిపారు. పొడి గాలి, విశ్రాంతి, స్ట్రెప్టోమైసిన్ సూదులు. చెవులకు దెబ్బ తగిలింది ఆ సూదుల వల్లే. అదే 1956లో మద్రాసులో ఒక పరిశోధన మొదలైంది. ఇంట్లో ఉండి మందులు వాడినా శానిటోరియంలో ఉన్నంత బాగానే నయమవుతుందని మూడేళ్ళకు తేల్చారు. అమ్మమ్మ కాస్త ఆలస్యంగా జబ్బు పడి ఉంటే అంత దూరం వెళ్ళేదే కాదు. తిరిగొచ్చాక మా వాళ్ళు పెళ్ళి సంబంధాలకు భయపడి, "చల్లని ఊళ్ళో చుట్టాలింట్లో ఉండి వచ్చింది" అని చెప్పి ఊరుకున్నారు. దాచమన్నది ఆమె దాచింది. కానీ ప్రార్థనలో మాత్రం ఆ ఊరి పేరు దాచలేదు. ఎవరికీ అర్థం కాలేదంతే.

ఇక నా సంగతి. సాయంత్రమైతే జ్వరం, రాత్రి చెమటలు, ఆగని దగ్గు. మా వీధి డాక్టరు ఎలర్జీ అని ఐదు వారాలు సిరప్పులతోనే గడిపించాడు. 55 కిలోల మనిషిని 46కు వచ్చాను. చివరికి ఎక్స్‌రే, కఫం పరీక్ష. 2025 జనవరిలో మందులు మొదలయ్యాయి. నా బరువుకు రోజుకు మూడు మాత్రలు, పరగడుపున, ఆరు నెలలు. రిఫాంపిసిన్ వల్ల మూత్రం ఎర్రగా వస్తుందని ముందే చెప్పారు. అయినా మొదటి రోజు చూసి గోడ పట్టుకున్నాను. కొన్నాళ్ళు బాబును మా ఆడపడుచు ఇంట్లో ఉంచాం. వాడు ఫోనులో "అమ్మా, నీ దగ్గు ఇవాళ చిన్నగా ఉంది" అనేవాడు.

అమ్మ వచ్చి నాతో ఉంది. వస్తూ రెండు వస్తువులు తెచ్చింది. ఒకటి అమ్మమ్మ బైబిలు, రెండోది మూత సొట్టపడిన రేకు డబ్బా. అన్నం వండేటప్పుడల్లా కడగబోయే బియ్యంలోంచి పిడికెడు తీసి అమ్మమ్మ ఆ డబ్బాలో వేసేది. పురుగు పట్టకుండా ఎండు వేపాకు కలిపేది. అది దేవుడి బియ్యం. కరువు రోజుల్లో మా గంజి పలచబడింది గానీ ఆ పిడికిలి చిన్నది కాలేదని అమ్మ ఇప్పటికీ కొంచెం కోపంగానే చెబుతుంది. "మాత్ర మింగిన రోజున పిడికెడు వెయ్యి. లెక్కకు లెక్క, కానుకకు కానుక" అని నా చేత మొదలుపెట్టించింది.

పరామర్శకు వచ్చిన ప్రతివారూ 91వ కీర్తన చదివారు. ఏ తెగులూ నీ గుడారం దరికి రాదనే కీర్తన. తెగులు వచ్చి ఊపిరితిత్తుల్లో కాపురం పెట్టిన మనిషి ముందు అది చదివితే ఏమనాలి? ఆమేన్ అనేదాన్ని. అమ్మమ్మ బైబిల్లో మాత్రం వేలి జిడ్డుకు గోధుమరంగు తిరిగిన పేజీ 88వ కీర్తనది. అందులో ఓదార్పు రాదు. చివరి మాట దాకా చీకటే. కాకపోతే ఆ మనిషి అడగాల్సినవాణ్ణే పట్టుకుని అడుగుతాడు, ఇంకొకరి దగ్గరికి పోడు. ఆ పేజీ అంచున పెన్సిలుతో చిన్న చిన్న గీతలు, ఐదేసి చొప్పున కట్టలు. సూదుల లెక్క అంది అమ్మ. నవ్వుతూ సాక్ష్యం చెప్పడమే విశ్వాసమని అంతవరకూ అనుకున్న నాకు, ఆ గీతల మీద వేలు పెట్టి కూర్చుంటే ఊరటగా ఉండేది. ఆ కీర్తనే రోజూ గట్టిగా చదివాను, దగ్గు మధ్యలో.

రెండో నెల చివర్లో వాంతులు, కీళ్ళ నొప్పులు. ఒక బంధువు నన్ను స్వస్థత కూటానికి తీసుకెళ్ళింది. నూనె రాసి ప్రార్థన చేసినాయన, "మాత్రలు మింగుతూ నమ్ముతున్నాననడం ఏం నమ్మకం?" అన్నాడు. విసిగిపోయి ఉన్నాను. నాలుగు రోజులు మానేశాను. మాత్రలు దిండు కింద పెట్టి, మింగానని చెప్పాను.

ఐదో రోజు తెల్లవారుజామున నా తొమ్మిదో ఏటి టైఫాయిడ్ గుర్తొచ్చింది. చేదు మందు తప్పించుకోవడానికి, "ప్రార్థన చేసుకున్నాను కదా అమ్మమ్మా" అన్నాను. ఆమె నా ముక్కు మూసి గొంతులో చెంచా పెట్టింది. "ప్రార్థన ఆయనకే, మందు నీకే" అంది, టీ కొట్టు దాకా వినపడేలా. లేచి దిండు కింద మాత్రలు తీశాను. పొద్దున్నే ఆరోగ్య కార్యకర్తకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఆమె తిట్టి, రక్త పరీక్ష చేయించింది. కాలేయం బాగానే ఉంది.

ఐదో నెలలో 50 కిలోలు దాటాను. బరువు పెరిగిందని నాలుగో మాత్ర కలిపారు. మాత్ర పెరిగితే ఇంత సంబరపడే జబ్బు ఇంకొకటి ఉండదేమో! ప్రభుత్వం నెలకు ఇచ్చే వెయ్యి రూపాయలు గుడ్లకు, పల్లీలకు పోయాయి. జూలైలో కఫం పరీక్షలో ఏమీ లేదు.

ఆ శనివారం రాత్రి గుడికి తీసుకెళ్ళడానికి డబ్బాలో బియ్యం సంచిలో పోసి, వేపాకు ఏరి, కాటాకు తగిలించాం. ఏడు కిలోలు, ఆపైన కొసరు. "మా అమ్మ పిడికిలైతే పది దాటేది" అంది అమ్మ. మొదట్లో నా చేతిలో బలమెక్కడిదని వాదించాను. ఆమె జవాబివ్వకుండా వంటింట్లోకి వెళ్ళి, మా బియ్యం డ్రమ్ము మూత తీసి, పిడికెడు, మళ్ళీ పిడికెడు, మొత్తం నాలుగు పిడికిళ్ళు తెచ్చి సంచిలో పోసింది.

"ఆ నాలుగు రోజులవి" అంది.

నేను ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు.