ఆమదాలవలస దారిలో రెండున్నర కిలోలు

విశాఖలో రెండు రోజులు తిరిగాం. సింహాచలం, భీమిలి అన్నీ అయ్యాయి. మూడో రోజు మావాళ్లను హోటల్లో వదిలేసి ఒక్కదాన్నే శ్రీకాకుళం రోడ్‌కి రైలెక్కాను. అక్కడ దిగితే ఆమదాలవలస, ఆ పక్కనే ఊసవానిపేట. వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరి ఊరు.

విజయనగరంలో ఒక మామ్మ, మనవరాలు ఎక్కి నా సీటు చివర సర్దుకున్నారు. రిజర్వేషన్‌కి డబ్బు కట్టి కాళ్లు ముడుచుకోవాల్సి వచ్చిందని చిరాకేసింది. అప్పుడు ఆ పిల్ల బొటనవేళ్లు చూశాను. రెండిటికీ తెల్ల టేపు. అరచేతుల్లో కాయలు.

"ఏటమ్మా, ఎందాకా ఎల్తన్నావు?" అంది మామ్మ.

చెప్పాను. అంతవరకూ కిటికీలోంచి చూస్తున్న పిల్ల నా వైపు తిరిగింది. వాళ్లది కొండవెలగాడ దగ్గర ఊరట. 2014లో గ్లాస్గో కామన్వెల్త్ పోటీల్లో పతకం గెలిచిన మత్స సంతోషిది కొండవెలగాడే. ఆ చుట్టుపక్కల ఆడపిల్లలకి ఈ ఆట కొత్త కాదు. ఈ పిల్లకి పదహారేళ్లు. జర్క్‌లో, అంటే బరువును ముందు భుజాల దాకా తెచ్చి ఆపైన తల మీదికి లేపడంలో, 81 కిలోలు ఎత్తుతోందట.

మామ్మ మాత్రం ఖర్చుల సంగతి ఎత్తింది. "రోజుకి ఎనిమిది గుడ్లమ్మా! పాలు, అరటిపళ్లు ఏరే. కూలి డబ్బులు దీని తిండికే సరిపోతన్నాయి." అంటూనే సంచిలోంచి ఉడికించిన గుడ్డు తీసి, పెంకు ఒలిచి, మనవరాలి చేతిలో పెట్టింది.

నాకు నాన్న గుర్తొచ్చారు. 2000 సెప్టెంబర్ 19న సిడ్నీలో మల్లీశ్వరికి కాంస్యం వచ్చింది. ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకి వెయిట్‌లిఫ్టింగ్ పెట్టిందే ఆ ఏడాది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ మన శ్రీకాకుళం మనిషి! నాన్న తన డైరీలో స్నాచ్ (ఒకే ఊపులో తల మీదికి ఎత్తడం) 110, జర్క్ 130, మొత్తం 240 అని రాసుకున్నారు. దాని కింద ఇంకో అంకె, 242.5. బంగారం గెలిచిన చైనా అమ్మాయి, వెండి గెలిచిన హంగరీ అమ్మాయి ఇద్దరూ ఎత్తింది అంతే. వాళ్లిద్దరిలో ఒంటి బరువు తక్కువున్న చైనా అమ్మాయికి బంగారం ఇచ్చారు. "రెండున్నర కిలోల్లో పోయిందమ్మా" అని నాన్న ఇప్పటికీ బాధపడతారు. నేనూ అదే బాధ మోస్తూ వచ్చాను.

ఆ మాటే పిల్లతో అన్నాను. తను వెంటనే ఏమీ అనలేదు. గుడ్డు తినేసి, చేతులు తుడుచుకుని, రెండు అరచేతులూ చాపింది.

"రెండున్నరంటే ఇటొక ఒకటింపావు ప్లేటు, అటొక ఒకటింపావు ప్లేటు ఆంటీ. చూస్తే ఇంతే ఉంటాయి. నేను 78 నుంచి 81కి రావడానికి ఆర్నెల్లు పట్టింది. ఆవిడ 130 ఎత్తాక ఆఖరి చాన్సుకి 137.5 పెట్టించుకున్నారు. ఒకేసారి ఏడున్నర పెంచి! వచ్చుంటే మొత్తం 247.5. అందరికన్నా పైన. పతకం చేతిలో పెట్టుకుని బంగారం కోసం వెళ్లారు ఆంటీ, ఓడిపోయారంటారేంటి?"

అంతటితో ఆగలేదు. 1994లో ఇస్తాంబుల్, 1995లో గ్వాంగ్జౌ, మల్లీశ్వరి రెండుసార్లు ప్రపంచ చాంపియన్ అయింది ఒంటి బరువు 54 కిలోల కేటగిరీలో అని గుర్తు చేసింది. సిడ్నీలో దిగింది 69లో. "కేటగిరీ మారితే పక్కనుండేవాళ్లు మారిపోతారు, బరువులు మారిపోతాయి. మళ్లీ మొదట్నుంచీ మొదలెట్టినట్టే."

పొందూరు దాటేదాకా నేను మాట్లాడలేదు. డైరీలో ఆ 242.5 దగ్గరే మేం ఇన్నేళ్లూ ఆగిపోయాం. 137.5 అని నాన్న ఎక్కడా రాయలేదు.

వాళ్లు పలాస వెళ్లాలి. దిగేటప్పుడు పిల్ల చెయ్యి పట్టుకున్నాను. ఇసుక కాగితంలా గరుగ్గా ఉంది.

స్టేషన్ బయట ఆటో అబ్బాయి రానూపోనూ మూడు వందలన్నాడు. ఇంత దగ్గరికి అంతా అని బేరమాడినా తగ్గలేదు, ఎక్కాను. ఊసవానిపేటలో గంటసేపు ఉన్నాను. వీధుల్లో నడిచాను, టీ తాగాను. నీలంశెట్టి అప్పన్న గారు ఈ ఊళ్లోనే ఆవిడకి మొదట బరువులెత్తడం నేర్పింది. కానీ నా మనసంతా రైల్లోనే ఉంది.

తిరుగు రైలు కోసం ఎదురుచూస్తూ నాన్నకి ఫోన్ చేసి అంతా చెప్పాను. కాసేపు అవతల చప్పుడు లేదు.

"ఆ పిల్ల ఎంత ఎత్తుతోందన్నావు?"

"జర్క్‌లో 81, నాన్నా."

"ఉండు, డైరీ తీసుకొస్తాను."