రూట్‌కి ఏ ఫైల్‌సిస్టమ్? నా ఓటు ఈఎక్స్‌టీ4కే

కూకట్‌పల్లిలో మే నెల గాలిదుమారం లేచిందంటే కరెంటు పోవడం ఖాయం, యూపీఎస్ లేని డెస్క్‌టాప్ ఠక్కున ఆరిపోతది, అందుకే సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కొన్న కొత్త ఎస్‌ఎస్‌డీ మీద లినక్స్ వేసేటప్పుడు రూట్ పార్టిషన్‌కి, అంటే సిస్టమ్ ఉండే డిస్క్ భాగానికి, ఏ ఫైల్‌సిస్టమ్ (డిస్క్ మీద ఫైళ్లను సర్దిపెట్టే పద్ధతి) వెయ్యాలా అని కాస్త ఎక్కువే ఆలోచించా. ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్ రెండూ జర్నల్ ఉన్న ఫైల్‌సిస్టమ్‌లే.

జర్నల్ అంటే ఏం లేదు, కిరాణా కొట్టాయన ముందు చిట్టాలో రాసుకుని తర్వాత ఖాతా పుస్తకంలోకి ఎక్కించినట్టు. మధ్యలో పవర్ పోతే ఫైల్‌సిస్టమ్ డిస్కంతా వెతక్కుండా ఆ చిట్టా చూసి సర్దుకుంటది. కానీ మన డేటాకి ఇది గ్యారంటీ అనుకుంటారు చాలామంది, కాదు. ఈఎక్స్‌టీ4 డీఫాల్ట్‌గా ఆర్డర్డ్ మోడ్‌లో ఉంటది, జర్నల్‌లోకి వెళ్లేది మెటాడేటా (ఫైల్ పేరు, సైజు, ఎక్కడుందో లాంటి వివరాలు) మాత్రమే, అది కమిట్ అయ్యేది, అంటే డిస్క్ మీద పక్కాగా పడేది 5 సెకన్లకోసారి. డేటా కూడా జర్నల్ చెయ్యమంటే ప్రతిదీ రెండుసార్లు రాస్తది, ఎస్‌ఎస్‌డీకి ఎందుకండీ ఆ శిక్ష.

ఎక్స్‌ఎఫ్‌ఎస్ మంచిదే, రెడ్‌హ్యాట్ వాళ్లు 2014లో తమ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7వ వెర్షన్‌కి దాన్నే డీఫాల్ట్ చేశారు. కాకపోతే సైజు పెంచుకోవచ్చు గానీ తగ్గించుకోలేం, రూట్‌కి ఎక్కువ ఇచ్చేసి తర్వాత హోమ్‌కి (మన సొంత ఫైళ్లుండే భాగానికి) చాలట్లేదంటే తంటానే. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అసలు జర్నలింగ్ రకం కాదు, కాపీ ఆన్ రైట్ (పాతదాని మీద రాయకుండా కొత్తచోట రాసే పద్ధతి), స్నాప్‌షాట్లు (ఫలానా క్షణంలో డిస్క్ ఎలా ఉందో దాచిపెట్టేవి) కావాలనుకునేవాళ్లు అటెళ్లండి.

నేను ఈఎక్స్‌టీ4కే ఫిక్స్. 2008 చివర్లో 2.6.28 కెర్నెల్‌తో స్టేబుల్ అయింది, ఏదైనా తేడా కొడితే ఏ లైవ్ యూఎస్‌బీతోనైనా బూట్ చేసి, రూట్‌ని మౌంట్ చెయ్యకుండా ఎఫ్‌ఎస్‌సీకే (ఫైల్‌సిస్టమ్‌ని చెక్ చేసి సరిచేసే కమాండ్) కొట్టుకోవచ్చు.