చిప్పర్ బ్లేడు: అంచు కోణం 35 డిగ్రీల నుంచి 38కి

ఆగస్టు, శనివారం. చిత్తూరు.

పొద్దున ఎనిమిదింటికే బంగారుపాళెం పక్కనుంచి గోనెసంచిలో చుట్టిన రెండు చిప్పర్ బ్లేడ్లు, అంటే కొమ్మల్ని ముక్కలు చేసే మిషన్ కత్తులు, మా వర్క్‌షాపుకి వచ్చాయి. తోతాపురి కోతలు ముగిసి, తోపుల్లో కొమ్మలు కత్తిరించే రోజులివి. నరికిన కొమ్మల్ని గట్టుమీద పోసి తగలబెట్టే బదులు ముక్కలు చేసి చెట్ల పాదుల్లో పరిస్తే తేమ నిలుస్తుందని చాలామంది మిషన్లు దించుకున్నారు. కాబట్టి ఈ నెలంతా బ్లేడ్ల పనే.

తెచ్చిన రైతు ఒకటే మాట చెప్పినాడు. "అన్నా, సాన పట్టించి ఇరవై దినాలు గూడా కాలేదు. కొయ్యడం లేదు, నలిపేస్తా ఉండాది."

నలిపేస్తోంది అన్న మాటలోనే సగం సంగతి ఉంది. పదునైన బ్లేడు కట్టెలో నారని తెంపుతుంది. మొద్దుబారింది, లేదా ఎదురు పట్టీకి (బ్లేడుకి ఎదురుగా కదలకుండా ఉండే ఇనప పట్టీకి) దూరంగా జరిగింది అయితే నారని వంచి, పిండి, చీలుస్తుంది. ముక్కకు బదులు తోకలు, పీచు వస్తాయి. ట్రాక్టర్ గొంతు మారుతుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది, బెల్టు వాసనొస్తుంది. అందుకే ముందు బ్లేడు చూడాలి, తర్వాత బ్లేడుకీ పట్టీకీ మధ్య సందు చూడాలి. ఒకటి చూసి రెండోది వదిలేస్తే ఇంకో ఇరవై రోజులకు అదే సంచి మళ్ళీ వస్తుంది.

మిషన్ మామూలు డిస్క్ రకం. 700 మిల్లీమీటర్ల డిస్కు, 25 మందం, రెండు బ్లేడ్లు. ట్రాక్టర్ పీటీఓ (వెనక మిషన్లని తిప్పే షాఫ్టు) నిమిషానికి 540 చుట్లు తిరిగితే, 12 అంగుళాల పుల్లీ నుంచి ఆరున్నర అంగుళాల పుల్లీకి బెల్టులేసి డిస్కుని దాదాపు 1000కి తెస్తారు. రెండు బ్లేడ్లంటే నిమిషానికి 2000 కోతలు. బ్లేడు అంచు డిస్కు ముఖం నుంచి 10 మిల్లీమీటర్లు పైకుంటే ముక్క పొడవు కూడా అంతే, అంటే కొమ్మ నిమిషానికి 20 మీటర్లు లోపలికి పోవాలి. మనిషి దానికంటే జోరుగా తోసినా లాభం లేదు, కొమ్మ డిస్కుకు ఒరుసుకుంటుందంతే. పాదులకు 10 సరిపోతుంది. ఇంకా పొడవు ముక్క కావాలని బ్లేడుని ముందుకు జరిపితే ప్రతి కోతకీ బలం పెరుగుతుంది, 40 హెచ్‌పీ బండి మీద అది వెంటనే తెలుస్తుంది.

బ్లేడు 200 పొడవు, 80 వెడల్పు, 12 మందం. ట్యూబ్‌లైటు కింద అంచుని కంటికి ఎదురుగా పెట్టి మెల్లగా తిప్పి చూశాం. పదునున్న అంచు కంటికి ఆనదు, వెలుతురు నిలవడానికి అక్కడ చోటే ఉండదు. మొద్దుబారిన చోట తెల్లని గీత మెరుస్తుంది. ఇందులో ఆ గీత ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే తీరుగా ఉంది. గడియారం పనివాళ్ళు కంటికి పెట్టుకునే భూతద్దంతో చూస్తే అంచు గుండ్రంగా, నున్నగా అరిగిపోయింది. ఇది ఇసుక పని. మన ఎర్రనేలలో ఉన్న పలుగురాతి రేణువు ఎంత గట్టిపడిన ఉక్కుకన్నా గట్టిది. కొమ్మని నేలమీద ఈడ్చుకొస్తే బెరడు పగుళ్ళలో ఆ రేణువులు ఇరుక్కుంటాయి, ప్రతి కోతా అంచుమీద ఆకురాయి నడిపినట్టే.

రెండో గుర్తు బయటి కొస నుంచి ఒక అంగుళం లోపల. రెండు బ్లేడ్లలోనూ ఒకే చోట, అరచంద్రం ఆకారంలో చిన్న చిన్న పెచ్చులు లేచాయి. లోతైనది ఒకటిన్నర మిల్లీమీటరు. ఇసుకకి ఇట్లా కాదు, ఇనుముకే ఇట్లా అవుతుంది. కంచె తీగో, ఊతకర్ర మేకో కొమ్మతో పాటు పోయింది. రెండు బ్లేడ్లలోనూ ఒకే చోట ఉందంటే ఒక బ్లేడు తగిలి, ఆ వెంటనే రెండోది కూడా దాన్నే కొట్టింది.

మూడోది నీలం మచ్చ. ఒక బ్లేడులో లోపలి కొస దగ్గర బొటనవేలంత మేర. ఆ చోట చిన్న ఆకురాయి పెట్టి గీస్తే కరిచింది, మిగతా చోట్ల జారిపోయింది. అంటే అక్కడ టెంపర్, అంటే వేడితో ఉక్కుకి తెచ్చిన గట్టిదనం, పోయింది. ఈ పాత జత ఓహెచ్‌ఎన్‌ఎస్ అనే రకం పనిముట్ల ఉక్కు, 200 డిగ్రీల దగ్గర టెంపర్ చేసింది. నీలం రంగు రావాలంటే ఉక్కు 300 డిగ్రీల దగ్గరికి వేడెక్కాలి. నీళ్ళు లేకుండా బెంచ్ గ్రైండర్ మీద ఒత్తి పట్టిన సాన అది, సందేహం లేదు. వెర్నియర్ పెడితే ఇంకో సంగతి బయటపడింది. సాన పట్టిన ఏటవాలు ముఖం వెడల్పు 24 మిల్లీమీటర్లు. ఇక్కడి నుంచి పోయినప్పుడు అది 21.

కోణమాని లేకపోయినా దీన్ని ఎవరైనా కొలుచుకోవచ్చు, అందుకే రాసి పెడుతున్నాం. 12 మందం బ్లేడుకి ఏటవాలు ముఖం 24 ఉంటే అంచు కోణం 30 డిగ్రీలు, 21 ఉంటే 35, 19.5 ఉంటే 38, 18.7 ఉంటే 40. మందాన్ని ముఖం వెడల్పుతో భాగిస్తే వచ్చేది ఆ కోణం సైన్. అంటే బయట సాన పట్టినవాళ్ళు బాగా కొయ్యాలని 35ని 30కి దించేశారు. మొదటి రెండు రోజులు నిజంగానే బాగా కోసి ఉంటుంది. మాధవమాలలో బొమ్మ చెక్కే ఉలికి సన్నని అంచు సరే, అక్కడ చెయ్యి కట్టెని చూసుకుంటూ పోతుంది. సెకనుకు 20 మీటర్ల పైన వేగంతో పోయే బ్లేడు ముడినీ మేకునీ చూసుకోదు. సన్నని అంచు వెనక బలానికి ఉక్కు ఉండదు, పెచ్చు లేస్తుంది.

ఈ మిషన్‌కి మేం చేస్తున్న కొత్త జతకి అంచు కోణం 38 పెట్టాం. పోయిన నెల గీసిన డ్రాయింగులో 35 ఉండేది, మట్టి అంటిన మామిడి కొమ్మ, అప్పుడప్పుడు ఎండిన చింత, సరుగుడు కూడా వేస్తారని తెలిశాక మార్చాం. అంచు కోణం, వెనక ఖాళీ కోణం, ముందు వాలు కోణం, ఈ మూడూ కలిస్తే 90. ఖాళీ కోణం 5 డిగ్రీలు ఉంచాలి. అది రెండుకి పడితే బ్లేడు వీపు కట్టెని రుద్దుతుంది, వేడెక్కుతుంది, కొమ్మని లోపలికి లాగడం మానేసి బయటికి నెడుతుంది. అంచుని 38 చేస్తే ముందు వాలు 47కి దిగుతుంది, కోతకి కాస్త బలం ఎక్కువ కావాలి. ఆ ఖర్చుకి ఒప్పుకోవచ్చు. పచ్చి కొమ్మలే వేసేవాళ్ళకి, శుభ్రమైన సుబాబుల్ కోసేవాళ్ళకి మాత్రం 35 మార్చక్కర్లేదు. పచ్చికట్టెలో నీరే నూనెలా పనిచేస్తుంది.

ఉక్కు కూడా మారింది. కొత్తవి డీ2. అందులో కర్బనం ఒకటిన్నర శాతం, క్రోమియం 12 శాతం దగ్గర ఉంటాయి. ఇసుకకి ఆగేది ఆ క్రోమియం కార్బైడ్లే. డీ3 ఇంకా చవగ్గా దొరుకుతుంది గానీ పెళుసు, ఈ పనికి వద్దు. కమాన్ పట్టీ కొట్టి చేసే బ్లేడ్లు విరగవు కానీ పదును నిలవదు. గట్టిదనం 56 నుంచి 58 రాక్‌వెల్ మధ్య అడిగాం. 60 దాటించమని రైతులు అడుగుతుంటారు, గట్టిగా ఉంటే మంచిదే కదా అని. మేకు తగిలితే 60లో మూల మొత్తం ఎగిరిపోతుంది, 57లో అదే దెబ్బకి చిన్న పెచ్చుతో పోతుంది.

హార్డెనింగ్‌కి పంపే ముందే రంధ్రాలు వేసి, వాటి అంచులు చాంఫర్ చేసి (వాలుగా చెక్కి), లోపలి మూలలన్నీ గుండ్రం చెయ్యాలి. పగులు ఎప్పుడూ పదునైన మూల దగ్గరే పుడుతుంది. ముఖానికి 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్లు గ్రైండింగ్‌కి వదలాలి. 1020 డిగ్రీల వేడి దగ్గర కాసేపు నిలిపి ఉంచి, గాలిలో చల్లార్చి, చేతికి వెచ్చగా ఉండగానే టెంపరింగ్‌లో పెట్టాలి. తెల్లారి పెడదాంలే అని వదిలేస్తే రాత్రికి రాత్రే పగులుతుంది. టెంపరింగ్ 540 దగ్గర రెండుసార్లు. ఇంత ఎక్కువ వేడిలో టెంపర్ అయిన ఉక్కుకి ఇంకో మేలుంది, గ్రైండింగ్ వేడికి పాత జతలాగా తొందరగా మెత్తబడదు.

పదింటి నుంచి ఒంటిగంట దాకా గ్రైండింగ్. రెండు బ్లేడ్లనీ ఒకే మాగ్నెటిక్ చక్ మీద, ఒకే యాంగిల్ ఫిక్చర్‌లో, పక్కపక్కన పెట్టాలి. విడివిడిగా పట్టితే ఎంత జాగ్రత్త పడినా పావు మిల్లీమీటరు తేడా వస్తుంది. 46 గ్రిట్ మెత్తరకం తెల్లరాయి, కూలెంటు ధారగా, పాసుకి, అంటే రాయి ఒక్కసారి నడిచినప్పుడు, 0.02 మించకుండా. పాత జతని కూడా అదే 38కి తెచ్చి స్పేరుగా ఉంచాలన్నాం. ఒకటిన్నర మిల్లీమీటరు పెచ్చు పోవాలంటే అంచు అంత వెనక్కి రావాలి, అంటే ముఖానికి నిటారుగా 0.92 తీయాలి, 46 పాసులు. తొందరపడి పాసుకి 0.1 తీస్తే పదిలో అయిపోతుంది, మళ్ళీ నీలం మచ్చతోనే అయిపోతుంది. నీలం చోటులో మెత్తబడిన లోహం లోపల ఎంత లోతుందో ఆకురాయితో చూస్తూ పోయాం. 46 పాసులయ్యాక కూడా కరిచింది, ఇంకో 12 పట్టాల్సి వచ్చింది.

చివరగా నూనెరాయితో బర్ (సాన పట్టాక అంచుకి మిగిలే సన్నని ఇనప పొర) తీసి, అంచు మీద అర మిల్లీమీటరు వెడల్పున చిన్న రెండో వాలు. ఈ ఒక్క పని మానేసేవాళ్ళు చాలామంది. బర్‌తోనే బిగిస్తే మొదటి పది నిమిషాల్లో అది విరుగుతూ తనతో పాటు అంచునీ తీసుకుపోతుంది.

తూకం. ఒక్కో బ్లేడు దాదాపు 1.3 కిలోలు. తిరిగేటప్పుడు దాన్ని బయటికి లాగే బలం దాదాపు 300 కిలోల బరువుకి సమానం. అందుకే బ్లేడు బోల్టుల మీదే ఆధారపడకూడదు, డిస్కులో మెట్టుకి ఆనాలి. వంటింటి డిజిటల్ తూకంలో జతలో తేడా 5 గ్రాముల్లోపుంటే చాలు. ఎక్కువుంటే బరువైన దాని వెనక పక్క గ్రైండ్ చెయ్యాలి, అంచు పక్క కాదు.

మధ్యాహ్నం తోపుకి పోయాం. పీటీఓ వదిలి, ఇంజను ఆపి, తాళం జేబులో వేసుకుని, డిస్కు పూర్తిగా నిలిచాక లాక్ పిన్ను. ఇంజను ఆగినా డిస్కు చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది, ఆ చప్పుడు వినబడదు కూడా. ఇందులో మినహాయింపు లేదు.

బ్లేడు కూర్చునే గాడిలో జిగురు, పొట్టు గట్టిపడి ఉంది. ఇత్తడి బ్రష్షుతో గీకి, డీజిల్ గుడ్డతో తుడిచాం. గాడిలో ఒక్క పెచ్చు మిగిలినా బ్లేడు దానిమీద వంగి బిగుస్తుంది, రంధ్రం దగ్గర పగులుతుంది. ఎం12, 10.9 గ్రేడు బోల్టులు, 110 న్యూటన్ మీటర్లకి టార్క్ రెంచితో బిగించాం.

అసలు పని సందుది. ముందు డయల్ గేజి పెట్టి డిస్కు అల్లాడడం చూశాం, 0.15 వచ్చింది. 0.2 దాటితే ముందు బేరింగులే చూసుకోవాలి, బ్లేడు సర్దినా వృథా. ఎదురు పట్టీకి నాలుగు అంచులుంటాయి, వాడుతున్నది గుండ్రంగా అరిగిపోయింది. దాన్ని ఎవరూ తిప్పలేదు. అరిగిన అంచుతో ఫీలర్ గేజి (సందులో పెట్టి కొలిచే సన్నని ఉక్కు ఆకులు) 1.2 చూపించినా కట్టెకి కనిపించే సందు రెండు దాటి ఉంటుంది. పట్టీని కొత్త అంచుకి తిప్పి, 1.2 ఆకు ప్రతి బ్లేడు కిందా మూడు చోట్ల, లోపలి కొస, మధ్య, బయటి కొస, కాస్త ఒరుసుకుంటూ జారేలా సర్దాం. రెండు బ్లేడ్ల మధ్య తేడా 0.1 లోపు. తేడా ఎక్కువైతే ముందున్న బ్లేడు మీదే భారం ఎక్కువ పడుతుంది. సందు ఒకటికన్నా తగ్గించమని రైతు అడిగాడు. వేడికి డిస్కు పెరుగుతుంది, బేరింగుకి కాస్త ఆట ఉంటుంది. అంచు పట్టీకి తగిలితే రెండూ ఒక్క క్షణంలో పోతాయి. పచ్చి కొబ్బరిమట్టలు వేసేటప్పుడు మాత్రం 1.5 దాటకుండా చూసుకోమన్నాం, దాటితే పీచు కోతపడక షాఫ్టుకి చుట్టుకుంటుంది.

చేత్తో డిస్కుని రెండు చుట్లు తిప్పి, ఖాళీగా ఐదు నిమిషాలు నడిపి, ఆపి, మళ్ళీ బోల్టులు చూసి, అప్పుడు కొమ్మ. చేతిమణికట్టంత మామిడి కొమ్మ. ముక్కలు దోసిట్లోకి తీసుకుంటే రెండు పక్కలా నున్నని కోత, బెరడు ముక్కకి అంటుకునే ఉంది. తోకలు లేవు. వెర్నియర్‌కి 9 నుంచి 11 మధ్య.

కొమ్మల్ని ఈడ్చకుండా టార్పాలిన్ మీద కుప్పేయమనీ, నరికిన మొదలు ముందుగా పెట్టమనీ, వేళ్ళు మట్టి ఉన్నవి వేయొద్దనీ, తీగ కట్టిన కొమ్మల్ని పక్కకి తీయమనీ చెప్పాం. "టార్పాలిన్ రేపే తెస్తా సామీ," అన్నాడు.

గంట నడిచాక ఆపి కొలిచింది: సందు 1.1, బోల్టుల్లో ఒకటి చుట్టులో ఎనిమిదో వంతు తిరిగింది, అంచుల మీద తెల్ల గీత లేదు. ఎనిమిది గంటల పని తర్వాత మళ్ళీ చూడాలి, అంటే బుధవారం.