‘ధ’లో పడిన చుక్క: సంచుల స్క్రీన్‌తో నా అనుభవం

ఈ శ్రావణంలో 300 తాంబూలం సంచుల మీద అచ్చు వేసే పని ఒప్పుకున్నాను. నిన్న సాయంత్రానికి గాని దాని నుండి బయటపడలేదు. 12 ఏళ్ళుగా తెనాలిలో శుభలేఖలు స్క్రీన్ ప్రింటింగ్ చేస్తున్నవాణ్ణి కనుక స్క్రీన్ తయారీ నాకు కొత్త కాదు. బట్ట, దాని మీద వేసే నీటి ఇంకు మాత్రమే కొత్త.

శుభలేఖలకు సెంటీమీటరుకు 120 దారాల మెష్, అంటే ఫ్రేముకు బిగించే సన్నని వల బట్ట, వాడే నేను సంచులకు 43 దారాలది బిగించాను. వెలుగు తగిలితే గట్టిపడే ఎమల్షన్ అనే మందు పూయడం, చీకటి గదిలో ఆరబెట్టడం, అక్షరాలు నల్లగా ఉన్న ఫిల్మ్ పెట్టి ట్యూబ్‌లైట్ల పెట్టె మీద వెలుగు చూపడం, నీళ్ళతో కడగడం ఒక్క పూటలో అయిపోయాయి. కడిగిన ఫ్రేమును కిటికీకి ఎదురుగా ఎత్తి చూస్తే, మూసుకొని ఉండవలసిన చోట ఎనిమిదో తొమ్మిదో పిన్‌హోల్స్, అంటే సూదిమొనంత చిల్లులు, మెరిశాయి. పెట్టె అద్దం మీద ధూళి ఉంటే దాని నీడ పడినంత మేర ఎమల్షన్ గట్టిపడక నీళ్ళకు కొట్టుకుపోతుంది. మెష్‌కు వేలి జిడ్డు అంటుకొని ఉంటే అసలు పట్టనే పట్టదు. ఆ రోజు తొందరలో జిడ్డు తీసే మందు వాడకుండా ఒంటి సబ్బుతోనే మెష్ కడిగాను. అది పూర్తిగా నా తప్పే.

ఆ చిల్లులలో ఒకటి ‘వధూవరులు’ అన్న మాటలో ‘ధ’ కడుపులో పడింది. అక్కడ చుక్క పడితే అక్షరం ‘థ’ అయిపోతుంది. నేను దానిని చూశాను, శుభలేఖలకు ఎప్పుడూ వాడే ఫిల్లర్‌తోనే, అంటే చిల్లులు పూడ్చే మందుతోనే, సన్నని బ్రష్‌తో మూశాను. బట్ట పనికి ఇది సరిపోతుందా అని సామాను కొన్నప్పుడే అడిగితే, దుకాణంలోని మనిషి తల కూడా ఎత్తకుండా “అన్నిటికీ పనిచేస్తుందండీ” అన్నాడు. పెద్ద డబ్బాలో నుండి పేరు లేని సీసాలోకి వంచి ఇచ్చే మందును ఎవరూ కొనవద్దని నా మనవి.

మొదటి 20 సంచులు ఒక్కొక్కటే పరీక్షగా చూశాను, అక్షరాలు శుభ్రంగా ఉన్నాయి. ఆ నమ్మకంతో మిగిలినవి చూడకుండానే తీగల మీద ఆరవేయించి, ఇస్త్రీ వేడి పట్టించి, రాత్రికి 120 సంచులు పెళ్ళివారింటికి పంపించాను.

మరునాడు ఉదయం పెళ్ళికూతురి తండ్రి, తెలుగు మాస్టారుగా పని చేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దాయన, సంచుల కట్ట తీసుకొని వచ్చారు. అప్పుడు నా ఎదుట వేరే పెళ్ళివారు శుభలేఖ నమూనాలు చూస్తూ కూర్చొని ఉన్నారు. ఆయన ఒక సంచి బల్ల మీద పరచి, ఆ అక్షరం మీద వేలు పెట్టి, “నలభై ఏళ్ళు పిల్లలకు ఒత్తులు దిద్దించాను. నా బిడ్డ పెళ్ళి సంచి మీద ఇది వేయించానని ఊళ్ళో అందరూ చదవాలా?” అన్నారు. నేను ఫిల్మ్ తీసి కిటికీ వెలుగులో చూపించి, కంపోజింగ్‌లో తప్పు లేదండీ అన్నాను. “ఫిల్మ్ ఎవరు చదువుతారు బాబూ, సంచి చదువుతారు గాని” అన్నారు ఆయన. దానికి నా దగ్గర జవాబు లేదు. నమూనాలు చూస్తున్నవారు మళ్ళీ వస్తామని చెప్పి లేచిపోయారు.

అవమానం కంటే నన్ను ఎక్కువగా వేధించినది ఆ చుక్క ఎలా వచ్చిందన్న ప్రశ్న. సంచులన్నీ తెప్పించి, అచ్చు వేసిన వరుసలోనే నేల మీద పరిచాను. సుమారు 40 సంచుల వరకు ‘ధ’ స్వచ్ఛంగా ఉంది, తరువాత బూడిద రంగు మచ్చలా మొదలై, చివరి సంచులలో ఆవగింజంత చుక్క అయింది. తడి గుడ్డతో ఫ్రేము తుడవగానే ఫిల్లర్ గుడ్డకు అంటుకొని వచ్చేసింది. అది నీటిలో కరిగే ఫిల్లర్. శుభలేఖల ఇంకులో నీరు ఉండదు కనుక 12 ఏళ్ళూ అది నిలిచింది. సంచుల ఇంకులో ఉన్నదే నీరు కనుక స్క్వీజీ, అంటే ఇంకును మెష్ గుండా నెట్టే రబ్బరు పలక, లాగిన ప్రతిసారీ కొద్దికొద్దిగా కరిగి కొట్టుకుపోయింది.

పాత ఫిల్లర్ అంతా కడిగి, ఫ్రేమును పూర్తిగా ఆరనిచ్చాను. నీటి ఇంకుకు తట్టుకునే ఎమల్షన్‌నే కొద్దిగా తీసుకొని, స్క్వీజీ రాపిడి తగలకుండా, బట్టకు ఆనే వైపు నుండి బ్రష్ మొనతో ఒక్కొక్క చిల్లి మీద ఒక్కొక్క బొట్టు పెట్టాను. ‘ధ’ దగ్గర బొట్టు అంచు దాటి అక్షరంలోకి పాకితే, అది ఆరకముందే తడిపిన చెవిపుల్లతో తుడిచేశాను. వెలుగు తగిలి గట్టిపడిన తరువాత అది కదలదు. నీడలో ఆరబెట్టిన పిమ్మట ఫిల్మ్ లేకుండానే ఎండలో పెట్టాను, ఎందుకంటే మిగిలిన ఎమల్షన్ అప్పటికే గట్టిపడి ఉంది, తెరచిన అక్షరాలలో గట్టిపడడానికి ఏమీ లేదు. చివరగా ఆ బొట్ల మీద తడి గుడ్డ 10 నిమిషాలు ఉంచి రుద్ది చూశాను. ఒక్కటీ కదలలేదు.

చెడిన 80 సంచుల బట్ట ఖరీదు నేనే పెట్టుకొని, మిగిలిన 180తో కలిపి 260 సంచులూ ప్రతి పదింటికీ ఒకసారి ఆగి చూసుకుంటూ వేశాను. నిన్న సాయంత్రం మాస్టారు కళ్ళద్దాలు తుడుచుకొని కట్ట కట్టకూ అడుగు నుండి ఒక సంచి లాగి ఆ అక్షరమే చూసి, అనుకున్న డబ్బు లెక్కపెట్టి ఇచ్చారు. ఆ ఫిల్లర్ సీసాను ఈ ఉదయమే దుకాణానికి తిరిగి ఇచ్చేశాను. దాని డబ్బు దుకాణంవారు నాకు ఇంకా తిరిగి ఇవ్వలేదు.