వెనక బ్రేకు వాల్వు: రోడ్డు బండికి ఏది, రేసు బండికి ఏది

బ్రేకు గట్టిగా తొక్కితే బరువంతా ముందుకు పోయి వెనక చక్రాలు తేలికవుతాయి. ఆ క్షణాన వెనక బ్రేకు లైనుకీ ముందు చక్రాలకి వెళ్లేంత ప్రెషర్ వెళ్తే వెనకవే మొదట లాక్ అయి (తిరగడం ఆగిపోయి) బండి గిర్రున తిరుగుతుంది. వెనక లైనులో పెట్టే ప్రపోర్షనింగ్ వాల్వు ఒక స్థాయి దాకా పూర్తి ప్రెషర్ పంపి, ఆపైన పెరిగేదానికి మాత్రమే కోత పెడుతుంది. ఆ స్థాయి 400 పీఎస్‌ఐ (ప్రెషర్ కొలత), ఆపైన వదిలేది 43 శాతం అనుకుంటే, ముందు 800 ఉన్నప్పుడు వెనక 572 ఉంటుంది. చేత్తో తిప్పే నాబ్ ఉన్న వాల్వులో, నాబ్ తిప్పితే మారేది ఆ 400 ఒక్కటే.

రోడ్డు మీద తిరిగే జిప్సీకి నేను నాబ్ వాల్వు పెట్టను. వెనక నలుగురు కూర్చున్న రోజు, ఖాళీగా వెళ్లిన రోజు బరువు ఒకటి కాదు. యాక్సిల్‌కి లింకుతో కలిపిన ఎల్‌ఎస్‌పీవీ (బరువుని బట్టి వెనక ప్రెషర్ మార్చే వాల్వు) ఆ తేడాని తనే చూసుకుంటుంది. సస్పెన్షన్ ఎత్తు పెంచినవాళ్లు లింకు కూడా సరిచేయాలి. లేదంటే వాల్వుకి బండి ఎప్పుడూ ఖాళీగానే కనిపించి, నిండు బరువులోనూ వెనక బ్రేకు తగ్గిపోతుంది. ఈబీడీ (ముందు వెనక బ్రేకు వాటాని ఎలక్ట్రానిక్‌గా సర్దే ఏర్పాటు) ఉన్న కార్లకి అదనపు వాల్వు అసలు వద్దు.

రేసు బండిలో బరువు దాదాపు స్థిరం, అందుకే అక్కడ నాబ్ వాల్వు. బండితో వచ్చిన పాత వాల్వు తీసేయాలి, రెండూ వరసలో ఉంటే కోత రెండుసార్లు పడుతుంది. ముందు లైనులో ఎప్పుడూ పెట్టకూడదు. ముందు చక్రాలతో నడిచే చాలా కార్లలో బ్రేకు సర్క్యూట్లు ఐమూలగా ఉంటాయి, అంటే ఒక ముందు చక్రం, దానికి ఎదురు మూల వెనక చక్రం ఒకే సర్క్యూట్‌లో. వెనక రెండు పైపుల్నీ ఒకే వాల్వులో కలిపితే ఒక్క లీకుతో రెండు సర్క్యూట్లూ పోతాయి.

టైర్లు, ప్యాడ్లు ఖాయమయ్యాకే సెట్టింగు. బ్రేకు లైన్లలోని ఎయిర్ పూర్తిగా తీసి, వెనక ప్రెషర్ కనిష్ఠంలో పెట్టి, మూసిన పొడి రోడ్డు మీద 60 కిలోమీటర్ల వేగం నుంచి ఆపుతాను. ఏ చక్రం మొదట లాక్ అయిందో బయట నిలబడ్డ మనిషి చెప్పాలి. అర చుట్టు చొప్పున పెంచుతూ, వెనకవి మొదట లాక్ అయిన చోటునుంచి ఒక చుట్టు వెనక్కి. తర్వాత వేగం పెంచి మళ్లీ చూడాలి.

ముందుకీ వెనక్కీ వేరుగా రెండు మాస్టర్ సిలిండర్లు (పెడల్ బలాన్ని ప్రెషర్‌గా మార్చేవి), ఆ బలాన్ని రెంటికీ పంచే బ్యాలెన్స్ బార్ ఉంటే మొదట బార్‌తోనే సర్దాలి. వానలో ఇది మరీ ముఖ్యం. తడి ట్రాక్ మీద టైరు పట్టు తక్కువ కాబట్టి ప్రెషర్ ఆ 400ని చేరకముందే చక్రాలు లాక్ అవుతాయి. అప్పుడు నాబ్ ఎంత విప్పినా ఫలితం ఉండదు, వెనక బ్రేకు వాటా పెంచాలంటే బార్‌ని వెనక్కి జరపాల్సిందే.