నీటి హక్కు దెబ్బతింటే ఫిర్యాదు ఎంతవరకు వెళ్తుంది

అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం మధ్యభాగంలో ర్యాటిల్‌స్నేక్ క్రీక్ అనే చిన్న వాగు ఉంది. ఆ వాగు దిగువన, స్టాఫర్డ్ కౌంటీలో, 1955లో ఏర్పాటైన క్వివీరా జాతీయ వన్యప్రాణి సంరక్షణ కేంద్రం ఉంది. ఇరవై రెండు వేల ఎకరాలకు పైగా విస్తరించిన ఆ నేలలో చిన్నదొకటి, పెద్దదొకటి రెండు ఉప్పునీటి మడుగులు ఉన్నాయి. ప్రపంచంలో వందల సంఖ్యలోనే మిగిలిన హూపింగ్ క్రేన్ కొంగలు వలస వెళ్తూ ఇక్కడ దిగుతాయి. వాగు నీటిపై క్వివీరాకు 1957 తేదీతో నమోదైన హక్కు ఉంది. దాని పరిమాణం ఏడాదికి 14,632 ఎకరపు అడుగులు, అంటే మనకు అలవాటైన లెక్కలో సుమారు 0.64 టీఎంసీ. ఆ నీళ్లు తనకు అందడం లేదని, ఎగువ ప్రాంతంలో తన తరువాత అనుమతులు పొందిన బోర్లు వాగును పీల్చేస్తున్నాయని, క్వివీరాను నిర్వహించే ఫెడరల్ సంస్థ ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ 2013 ఏప్రిల్‌లో రాష్ట్ర జలవనరుల విభాగానికి ఫిర్యాదు చేసింది.

నేను అనంతపురం జిల్లాలో బోర్ల మీద బతికే కుటుంబంలో పుట్టాను. కొన్నేళ్లుగా కాన్సాస్‌లోని విచిటా నగరంలో ఉంటున్నాను. ఒకరి బోరు వల్ల ఇంకొకరి నీళ్లు పోతే అధికారి ఏం చేయగలడు, ఏం చేయలేడు అన్న ప్రశ్న చిన్నప్పటి నుంచి మా ఇంట్లో నలిగినదే కాబట్టి, ఈ ఫిర్యాదు నడిచిన దారిని నేను శ్రద్ధగా అనుసరించాను.

ముందుగా ఇక్కడి చట్టం గురించి చెప్పాలి. 1945లో వచ్చిన కాన్సాస్ నీటి కేటాయింపు చట్టం ప్రకారం రాష్ట్రంలోని నీరంతా ప్రజలది. భూమి కొన్నంత మాత్రాన కింద ఉన్న నీళ్లు సొంతం కావు. ఇంటి అవసరాలకు తప్ప మరే పనికైనా నీళ్లు వాడుకోవాలంటే రాష్ట్ర చీఫ్ ఇంజనీరు నుంచి అనుమతి పొందాలి. ఆ అనుమతికి ఒక తేదీ, ఒక పరిమాణం, నీళ్లు తీసే చోటు రాసి ఉంటాయి. నీళ్లు చాలనప్పుడు అందరికీ సమానంగా కోత పెట్టరు. తేదీ ముందున్నవారికి పూర్తిగా అందిన తరువాతే వెనుక తేదీవారికి వంతు వస్తుంది. వాగు నీటికీ బావి నీటికీ ఒకే వరుస వర్తిస్తుంది. ఈ చట్టానికున్న అసలు బలం, అసలు చిక్కు రెండూ ఇక్కడే ఉన్నాయని నా అభిప్రాయం.

పాత హక్కుదారుడు తనకు నీళ్లు అందడం లేదని రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే చీఫ్ ఇంజనీరు విచారణ జరిపించాలి. క్షేత్ర కార్యాలయం నుంచి సిబ్బంది వచ్చి ఫిర్యాదుదారుడి బావి, పంపు సవ్యంగా ఉన్నాయో లేదో, నష్టం నిజంగా పొరుగువారి తోడకం వల్లే జరిగిందో లేక వానలు లేక జరిగిందో చూస్తారు. భూగర్భజలం ప్రాంతమంతటా తగ్గిపోతున్న చోట్ల ఈ విచారణ మరింత విస్తరిస్తుంది: నివేదికను బహిరంగంగా ఉంచి, స్థానిక భూగర్భజల నిర్వహణ జిల్లా (ఆ ప్రాంతపు భూగర్భజలాన్ని చూసుకునే స్థానిక సంస్థ) అభిప్రాయాన్ని, ఇతరుల అభ్యంతరాలను తీసుకుంటారు. హక్కు దెబ్బతిన్నదని తేలినా వెంటనే ఎవరి పంపూ ఆగదు. నాకు రావలసిన నీళ్లు నాకు ఇప్పించండి అని హక్కుదారుడు రెండోసారి విడిగా అర్జీ పెట్టుకోవాలి. నష్టాన్ని తేల్చే పని వేరు, నీళ్లు ఇప్పించే పని వేరు అన్న ఈ విభజన గుర్తుంటేనే క్వివీరా విషయం అర్థమవుతుంది.

క్వివీరా వారు ఉన్నట్టుండి ఫిర్యాదుకు దిగలేదు. 1990లలోనే రాష్ట్ర విభాగం, భూగర్భజల జిల్లా, సాగుదారుల సంఘం, ఫెడరల్ సంస్థ కలిసి ఒక భాగస్వామ్యంగా ఏర్పడి, ఎవరికి వారు స్వచ్ఛందంగా వాడకం తగ్గించుకునేలా పన్నెండేళ్ల ప్రణాళిక రాసుకున్నారు. గడువు ముగిసేనాటికి అనుకున్న లక్ష్యాలు చాలావరకు నెరవేరలేదు. మరుసటి ఏడాది ఫిర్యాదు వచ్చింది. విచారణకు మూడేళ్లు పట్టింది. అప్పటి చీఫ్ ఇంజనీరు డేవిడ్ బార్‌ఫీల్డ్ 2016 జూలైలో తుది నివేదిక ఇస్తూ, వెనుక తేదీ బోర్ల వల్ల క్వివీరా హక్కు తరచుగా, గణనీయంగా దెబ్బతింటోందని తేల్చారు. పరిశీలించిన 34 ఏళ్లలో 18 ఏళ్లు లోటు 3,000 ఎకరపు అడుగులకు మించింది.

ఈ అంకె ఎలా వచ్చిందన్నదే నన్ను ఎక్కువగా ఆకట్టుకుంది. ఇక్కడ సాగు బోర్లకు మీటర్లు ఉంటాయి. ప్రతి హక్కుదారుడూ కిందటి ఏడాది ఎంత తోడాడో మార్చి 1 లోగా రాష్ట్రానికి నివేదించాలి, లేకపోతే జరిమానా. వాగు మీద జెనిత్ అనే ఊరి దగ్గర ప్రవాహాన్ని కొలిచే కేంద్రం దశాబ్దాలుగా పనిచేస్తోంది. ఈ రెండు లెక్కలనూ, నేల పొరల వివరాలనూ కలిపి భూగర్భజల జిల్లా వారే ఒక కంప్యూటర్ నమూనా తయారు చేయించుకున్నారు. కొత్త బోర్లు ఉన్నట్టుగా ఒకసారి, లేనట్టుగా ఒకసారి ఆ నమూనాను నడిపితే, ఆ రెంటి మధ్య తేడాయే బోర్లు వాగు నుంచి తగ్గించిన నీరు. ఫలితం మీద వాదనలు రాకపోలేదు గానీ, ఆ వాదనలు కూడా కొలతల మీదే నడిచాయి. నువ్వు తోడావు, నేను తోడలేదు అన్న మాటలకు చోటు లేకపోయింది.

ఆ ప్రాంతంలోని మట్టి రోడ్ల మీద వేసవిలో వెళ్తే, మొక్కజొన్న చేను మధ్యలో ఉన్న ఇరుసు చుట్టూ పావు మైలు పొడవున్న నీటి గొట్టం చక్రాల మీద మెల్లగా తిరుగుతూ కనిపిస్తుంది. ఇసుక నేల కావడంతో తడి త్వరగా లోపలికి ఇంకుతుంది. వాగు అక్కడికి కొన్ని మైళ్ల దూరంలో ఎక్కడో ఉంటుంది, చూపుకు ఆనదు. ఈ బోరుకూ ఆ వాగుకూ సంబంధం ఏమిటని ఎవరికైనా అనిపిస్తుంది. నిజానికి ర్యాటిల్‌స్నేక్ క్రీక్‌లో ఎండాకాలం పారేది చాలావరకు భూగర్భం నుంచి ఊరే నీరే. పంపు తిరిగినప్పుడు మొదట బోరు చుట్టుపక్కల మట్టం దిగుతుంది. ఆ దిగుడు ఏటేటా విస్తరిస్తూ, వాగు వైపు నడవవలసిన నీటిని దారిలోనే ఆపేస్తుంది. దగ్గరి బోరు ప్రభావం నెలల్లో వాగును చేరితే, దూరపు బోరు ప్రభావం ఏళ్లు గడిచాక చేరుతుంది. ఆపినప్పుడూ అంతే ఆలస్యం. కాలువ తూము మూస్తే దిగువ రైతుకు మర్నాటికి నీళ్లు అందుతాయి. ఈ ఏడాది బోరు కట్టేస్తే వాగుకు ఎప్పటికో అందుతాయి. తూములను దృష్టిలో పెట్టుకుని పుట్టిన తేదీల వరుసను బోర్లకు వర్తింపజేసేటప్పుడు అధికారికి ఎదురయ్యే పెద్ద కష్టం ఇదే. ఎవరిని ఆపాలన్నది తేదీ చెబుతుంది, ఎవరిని ఆపితే నీళ్లు త్వరగా వస్తాయన్నది దూరం చెబుతుంది, ఈ రెండూ తరచుగా ఒకే రైతు వైపు చూపించవు.

నివేదిక తరువాత మరో మూడేళ్లు చర్చలు సాగాయి. భూగర్భజల జిల్లా ఇచ్చిన స్థానిక ప్రణాళిక ఆమోదం పొందలేదు. 2020 నుంచి వెనుక తేదీ హక్కులకు కోత విధించేందుకు రాష్ట్రం సిద్ధపడింది. ఆ దశలో కాన్సాస్ సెనెటర్ జెర్రీ మోరన్ చొరవతో మాటలు జరిగి, ఫెడరల్ సంస్థ ఆ ఏడాదికి నీళ్లు కోరుతూ రెండో అర్జీ పెట్టకుండా ఆగింది. అర్జీ లేనిదే కోత లేదు. దీన్ని వ్యతిరేకిస్తూ ఆడబాన్ ఆఫ్ కాన్సాస్ అనే పక్షి సంరక్షణ సంస్థ 2021లో ఫెడరల్ కోర్టుకు వెళ్లింది. 2023లో అప్పీలు కోర్టు దాకా వెళ్లినా క్వివీరాకు నీళ్లు ఇప్పించే ఉత్తర్వు రాలేదు. అక్కడి సాగుదారుల భయాన్ని నేను తేలికగా తీసుకోను. నలభై ఏళ్లుగా అనుమతితో, పన్ను కట్టి, మీటరు పెట్టి సాగుచేసుకుంటున్న రైతును ఒక్క ఉత్తర్వుతో ఆపడం చిన్న విషయం కాదు. అయినా, హక్కు దెబ్బతిన్నదని ప్రభుత్వమే కాగితం మీద ఒప్పుకున్నాక, అర్జీ పెట్టాలా వద్దా అన్నది రాజకీయ ఒత్తిడిని బట్టి తేలితే ఆ హక్కుకు విలువ ఎంతని అడగక తప్పదు. కొంగలు అర్జీ పెట్టలేవు. వాటి పేరిట హక్కు ఉన్న సంస్థే ఆగిపోయింది.

ఇదే రాష్ట్రంలో హాస్కెల్ కౌంటీ రైతు కుటుంబం ఒకటి మరో దారి పట్టింది. వారి బావికి 1945 చట్టానికి ముందు నుంచే సంక్రమించిన హక్కు ఉంది. పక్కన ఒక చమురు కంపెనీకి చెందిన బోర్ల వల్ల నీళ్లు తగ్గాయని 2005లో రాష్ట్ర విభాగానికి ఫిర్యాదు చేసి, తరువాత దాన్ని ఉపసంహరించుకుని, 2012లో నేరుగా కోర్టుకు వెళ్లారు. పాత హక్కుదారుడు నీళ్లు తోడుకోవడం ఆర్థికంగా అసాధ్యమైతే తప్ప దాన్ని నష్టంగా లెక్కించకూడదని కంపెనీ వాదించింది. 2015లో అప్పీలు కోర్టు ఆ వాదనను అంగీకరించలేదు. పాత హక్కు తగ్గినా, బలహీనపడినా అది దెబ్బతిన్నట్టేనని చెప్పింది. చివరకు కంపెనీ రెండు బోర్లను శాశ్వతంగా ఆపవలసి వచ్చింది. ఈ లోగా 2017లో శాసనసభ చట్టాన్ని సవరించి, ఎవరైనా ముందు చీఫ్ ఇంజనీరు దగ్గర ఫిర్యాదు ప్రక్రియ పూర్తిచేసుకున్నాకే కోర్టు తలుపు తట్టాలని నిబంధన పెట్టింది. రెండు బావుల మధ్య తగాదాకు కోర్టు సరిపోతుంది. వందలాది బోర్లు కలిసి ఒక వాగును ఎండగట్టినప్పుడు లెక్క తేల్చగలిగింది మాత్రం సాంకేతిక సిబ్బంది ఉన్న విభాగమే కాబట్టి, ఆ సవరణలో అర్థం ఉందనే అనుకుంటున్నాను.

మన వైపు పరిస్థితి పూర్తిగా వేరు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం నిర్దిష్టమైన పాయ లేకుండా భూమి కింద ఉండే నీటిని తన హద్దుల్లో ఎంతైనా తీసుకునే హక్కు భూమి యజమానిదే. పక్కవాడు బోరు బండి తెప్పించి మనకంటే మూడు వందల అడుగులు లోతుకు వేయించి, మన రెండంగుళాల నీళ్లు అరంగుళానికి పడిపోతే, నాది ముందు అన్న మాటకు చట్టంలో నిలబడే చోటు లేదు. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన వాల్టా చట్టం కొంత మేలు చేసింది. ప్రజల తాగునీటి బావికి 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా కొత్త బోరు వేయకూడదు, బోరు బండ్లు నమోదు చేయించుకోవాలి, అతిగా తోడేసిన గ్రామాలను ప్రకటించి కొత్త సాగు బోర్లను ఆపవచ్చు. అయితే ఇది ఊరి తాగునీటిని కాపాడినంతగా ఒక రైతు బోరును ఇంకో రైతు బోరు నుంచి కాపాడదు. మా ఊళ్లో ఇలాంటి గొడవ వచ్చినప్పుడు తహసీల్దారు దగ్గరికి వెళ్లినవారు చూపించగలిగింది ఎండిన గొట్టం, అప్పు కాగితాలు మాత్రమే. ఎవరి బోరు ఎప్పటిది, ఎన్ని గంటలు నడిచింది, నీటిమట్టం ఏ నెలలో ఎంత దిగింది అన్న రాత ఏ పుస్తకంలోనూ ఉండదు. మంచి మనసున్న అధికారి కూడా రాజీ చేసుకోండి అని చెప్పి పంపవలసిందే. తేదీల వరుసను ఇక్కడి నుంచి అక్కడికి మోసుకుపోవాలని నేను కోరను. రెండెకరాల రైతుల మధ్య ముందు బోరు వేసినవాడికే నీళ్లంటే, డబ్బున్నవాడికే నీళ్లన్నట్టు అవుతుంది. కానీ బోరు వేసిన రోజునే దాని తేదీ, లోతు, పడిన నీళ్లు నమోదు చేసి, ఏడాదికి రెండుసార్లు మట్టం కొలిచి పంచాయతీ గోడ మీద రాస్తే, ఫిర్యాదు విచారించేవారి చేతికి కనీసం పట్టుకొమ్మ దొరుకుతుంది.

క్వివీరా విషయంలో ఇప్పుడు ఎక్కువగా వినిపిస్తున్న పరిష్కారం నీటి భర్తీ. వెనుక తేదీ హక్కులను ఎక్కువగా కోయకుండా, ఎగువన కొన్ని బోర్లు వేసి ఆ నీటిని వాగులోకి వదిలి లోటు పూడ్చవచ్చని 2015లోనే ఈ పరీవాహక ప్రాంతం కోసం చట్టంలో ప్రత్యేకంగా వీలు కల్పించారు. సాగుదారులు దీన్నే కోరుకుంటున్నారు. నాకు దీని మీద గట్టి అనుమానం ఉంది. ఏ పొర నుంచి నీళ్లు తోడడం వల్ల వాగు తగ్గిందో అదే పొర నుంచి మరికొంత తోడి వాగులో పోస్తే, ఆ ఏడాదికి క్వివీరా లెక్క సరిపోవచ్చు. ఆ తోడకపు ప్రభావం కూడా కొన్నేళ్లకు వాగును చేరుతుంది కదా. వాడకంలో నిజమైన కోతతో కలిపి అమలుచేస్తే తప్ప భర్తీ బోర్లకు అనుమతి ఇవ్వకూడదు. ఆ కోత ఎంతన్నది 2016 నాటి నివేదికలోని లోటుతో సరిచూసి, అనుమతి కాగితం మీదే రాయాలి.